అతుకులో చీటీ

"డాడ్ నోట్ కూడా పెట్టలేదా ఆంటీ? నాట్ ఈవెన్ ఎ నోట్?"

స్కూలు బ్యాగు భుజాన తగిలించుకుని గుమ్మంలో నిలబడి అనీషా నన్నడిగిన మొదటి మాట ఇది. పన్నెండేళ్ళ పిల్ల. తండ్రి పోయి మూడు రోజులు. ఏడవడం లేదు. అదే నన్ను భయపెట్టింది.

విశాఖపట్నం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పంతొమ్మిదేళ్ళు, సిడ్నీలో లైసెన్సు పుచ్చుకుని ప్రైవేటు దర్యాప్తులు చేస్తూ ఆరేళ్ళు, వెరసి పాతికేళ్ళు మనుషుల మాటలు వినడమే నా ఉద్యోగం. అయినా ఈ శేషుకుమారిని అంత సూటిగా ఎవరూ అడగలేదు.

"పోలీసులు ఆత్మహత్య అన్నారు. నేనింకా అనలేదుగా," అన్నాను.

"సో, ఎవరు కరెక్ట్?"

"సాయంత్రం చెప్తాను."

"ప్రామిస్?"

"ప్రామిస్."

ఇచ్చేశాను మాట. నా నోటికి తొందరెక్కువ.

అది 1991 మార్చి పదిహేను, శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలు. వెస్ట్‌మీడ్‌లో ఆసుపత్రి వెనక అద్దె ఫ్లాటు. సోఫాలో అనీషా తల్లి రూత్ కూర్చుని ఉంది. ఆసుపత్రిలో నర్సు. ఆమె భర్త దయానందం సముద్రపు కేబుళ్ళు అతికే పనివాడు. మంగళవారం బీచ్‌లో, తను పని చేసుకునే టెంట్‌లోనే, జెనరేటర్ పొగకి ఊపిరాడక చనిపోయాడు. పొగగొట్టం కొస టెంట్ లోపల ఉంది. టెంట్ జిప్పు లోపలి నుంచి వేసి ఉంది. పోలీసులకి అంతకన్నా ఏం కావాలి?

"మా ఆయన చావాలనుకునే మనిషి కాదండీ," అంది రూత్. "ఉద్యోగం పోతే పోనీ, పేరు పోతే పోనీ. నా బిడ్డ మాత్రం వాళ్ళ నాన్న తనని వద్దనుకుని వెళ్ళిపోయాడని జీవితమంతా అనుకోకూడదు. నాకింకేం వద్దు."

వంటింట్లోంచి క్లారా కాఫీ ట్రేతో వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. రూత్ వాళ్ళ చర్చి అమ్మాయే, దయానందం కంపెనీలోనే ఇంజనీరు. కేబుల్ వచ్చి చేరే స్టేషన్‌లో పని. ఈ మూడు రోజులూ వండిపెట్టింది తనే. రూత్‌వి పొద్దున డ్యూటీలు కనక అనీషాని స్కూలుకి దింపి తెచ్చేది మొదటి నుంచీ తనే. దయానందంతో చివరిసారి మాట్లాడిందీ తనేనట.

"ఎన్నింటికమ్మా?" అన్నాను.

"వన్ ఫిఫ్టీన్‌కి ఆంటీ. స్టేషన్ నుంచి టెంట్‌కి ఒక స్పీకర్ లైనుంటుంది. ఆయన కేబుల్‌లో ఒక్కో గాజుపోగూ అతకగానే నేను స్టేషన్‌లో మెషీన్ మీద చూసి బాగుందో లేదో చెప్పాలి. ఆరో పోగు ఎలెవెన్ ఫార్టీకే అయిపోయింది. ఒంటిగంటా పదిహేనుకి మళ్ళీ పిలిస్తే, 'అంతా అయిపోయింది క్లారా, నేనూ అయిపోయాను' అన్నారు. జోక్ అనుకున్నా." కళ్ళు తుడుచుకుంది.

"ఆయన జోకులు వెయ్యడు," అంది రూత్ మెల్లగా.

అప్పుడు నా చూపు వంటింటి తలుపు చట్రం మీద పడింది. పెన్సిలు గీతలు, పక్కనే తేదీలు. అన్నిటికన్నా పై గీత దగ్గర 12-3-91, 151.

"అనీషా ఎత్తు. అతుకు వేసే ప్రతి రోజూ పొద్దున్నే కొలుస్తాడు," అంది రూత్. "ఓ చిన్న కాగితం మీద తెలుగులో ఆ తేదీ, దాని ఎత్తు రాసి, ఆ రోజు వేసే అతుకు లోపల పెట్టి మూసేస్తాడండీ. మళ్ళీ పాతికేళ్ళ దాకా దాన్ని ఎవరూ తెరవరు. సింగపూర్‌లో పని చేసినప్పుడూ అంతే. మన పిల్ల సముద్రం అడుగున కూడా పెరుగుతోందే రూతూ అంటాడు, పిచ్చోడు."

క్లారా చేతిలో కప్పు సాసరు మీద టకటక కొట్టుకుంది. పాపం, తనకీ దుఃఖం ఆగలేదు.

నాకు మాత్రం ఒంట్లో ఊపొచ్చింది. పొద్దున్నే కూతుర్ని కొలిచి బయల్దేరినవాడు మధ్యాహ్నానికి చావాలనుకున్నాడా? అనుకుంటే ఆ కాగితం మీద ఇంకేమైనా రాసి ఉండడూ?

"అయితే ఇవాళ ఆ అతుకు విప్పించాల్సిందే," అన్నాను పైకే.

"ఒప్పుకోరాంటీ. మండే లైను ఓపెనింగ్, మినిస్టర్ వస్తున్నారు," అంది క్లారా.

"నేను ఒప్పిస్తాను. నీకెందుకు?"

క్లారా కాఫీ కప్పు కింద పెట్టేసింది. కారు తాళాలు తీసుకుంది. "పద అనీషా, లేటవుతోంది. రూత్ అక్కా, సాయంత్రం కూడా నేనే తీసుకొస్తాలే, నువ్వు పడుకో."

* * *

ఒంటిగంటన్నరకి బీచ్‌లో ఉన్నాను. సముద్రం లోంచి వచ్చిన కేబుల్, నేల మీద స్టేషన్‌కి వెళ్ళే కేబుల్ ఇక్కడే ఒక గుంటలో కలుస్తాయి. లోపల వెంట్రుకంత లావు గాజుపోగులు. సముద్రపు కేబుల్లో ఆరు, నేల కేబుల్లో ఎనిమిది. రెండు ఊరికే ఉంచినవి. అతుకు ఉన్న ఉక్కు డబ్బా గుంటలో, గుంట మీద టెంటు, టెంటు ముందు నడుం మీద చేతులు వేసుకుని ఖలీద్.

ఖలీద్ కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు. హైదరాబాద్ మనిషి. పోలీసులకి ఆత్మహత్య ఫైలు తయారుచేసి చేతికిచ్చింది ఈయనే. ఇంతకు ముందు రెండు కేసుల్లో నాకు అడ్డం పడ్డాడు. ఒకటి నేను గెలిచాను, ఒకటి ఆయన. ఆయనకి ఆ రెండోదే గుర్తుంటుంది.

"ఏం మేడం, మల్ల వచ్చిండ్రు? ఫైలు బందయింది కద."

"మీది బందయింది. నాది ఇవాళే తెరిచాను."

"జర చూడుండ్రి మేడం. జిప్పు లోపల్నుంచి ఏసిండు. దాని మీద టేపు గూడ లోపల్నుంచే అంటించిండు. నేనే కత్తితోని కోసి లోపలికి పోయిన, మూడున్నరకు. పొగ గొట్టం లోపల, జెనరేటర్ నడుస్తనే ఉన్నది. ఇంకేం గావాలె మీకు?"

"ఆ టేపు ఆయన ప్రతి రోజూ అంటిస్తాడు ఖలీద్ గారూ. ఇసక రేణువు ఒక్కటి ఎగిరి పడితే అతుకు చెడుతుంది. పనివాళ్ళందరూ అంటిస్తారు. అడిగారా ఎవర్నైనా?"

"పొగ వాసనొస్తే లేచి ఎల్లడా మనిషి? చిన్న పిల్లగానికి గూడ తెలుస్తది."

మంచి ప్రశ్నే. నేనూ దాని గురించే పొద్దున్నుంచీ బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను. టెంటు చుట్టూ తిరిగాను. గుమ్మం బయట, ఇసకలో ఒక చెక్కపెట్టె మీద ఎర్రమూత ఫ్లాస్కు. దయానందం రోజూ తెచ్చుకునే అల్లం టీది. గాజుపోగుల దగ్గరికి తడి పనికిరాదు కనక టీ ఎప్పుడూ బయటే తాగుతాడట. మూత తీసి వాసన చూశాను. వేలు పెట్టి తడిమాను.

"దీన్ని మీవాళ్ళెవరైనా కడిగారా?"

"లే. మంగళవారం నుంచి ఏదీ ముట్టలే. సీలు నేనే ఏసిన."

"ఇక్కడ కుళాయి ఎక్కడుంది?"

ఖలీద్ అటూ ఇటూ చూశాడు. కుళాయి లేదు. ఆ సంగతి ఆయనకీ నాతోపాటే తట్టింది.

"లోపల ఒక్క టీ చుక్క మరక లేదు. అల్లం వాసన లేదు. తళతళలాడుతోంది," అన్నాను. "చావబోయేవాడు సముద్రానికి పోయి ఫ్లాస్కు కడుక్కొచ్చి, లోపలికెళ్ళి జిప్పు వేసుకున్నాడంటారా? టీలో ఏదో కలిపారు. ఆయన లోపలికెళ్ళి టేపు అంటించుకుని పడిపోయాక, బయటి నుంచి గొట్టం కొస టెంటు అంచు కింద దూర్చారు. మత్తులో పడ్డవాడికి పొగ వాసనేం తెలుస్తుంది? రక్తం రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఆ ఫైలు ఎందుకు మూయించారయ్యా?"

"అరె, నన్ను పట్టుకుని 'అయ్యా' గియ్యా అంటే ఊకోను. నా మీద పై నుంచి ఎంత ప్రెషరున్నదో ఎర్కేనా మీకు?"

"మినిస్టరొస్తే దండలెయ్యండి. శవం మీద అబద్ధం వెయ్యకండి!"

గట్టిగానే అరిచాను. ఆ అరుపుకి గుంట అవతల వ్యాను లోంచి కెవ్ దిగి వచ్చాడు. దయానందంతో మూడేళ్ళుగా జంటగా పనిచేస్తున్న ముసలి పనివాడు, ఇక్కడివాడే. మంగళవారం ఉదయం జెనరేటర్ ట్యాంకు నింపింది తనే. ఆ తర్వాత స్టేషన్ వాళ్ళు వేరే చోటికి పంపారట.

"ఎన్నింటికి నింపావు?" అని ఇంగ్లీషులో అడిగాను.

"ఎనిమిదింటికి, నిండా."

"ఎంతసేపు నడుస్తుంది?"

"ఐదు గంటలు. మహా అయితే పది నిమిషాలు ఎక్కువ."

"అంటే ఒంటిగంటకి ఆగిపోవాలి. ఖలీద్ గారు మూడున్నరకి వచ్చేసరికి నడుస్తోంది. మధ్యలో దయానందం నింపుకున్నాడా?"

"దేంతో?" అన్నాడు కెవ్. "పెట్రోలు డబ్బా నా వ్యాన్లో ఉండిపోయింది. నాతోనే వచ్చేసింది. ఇక్కడ చుక్క పెట్రోలు లేదు."

ఖలీద్ కెవ్ వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలే?" అన్నాడు ఇంగ్లీషులో.

"మీరు అడగలేదు," అన్నాడు కెవ్.

ఇంకొకరు వచ్చారు. పెట్రోలు బయటి నుంచి తెచ్చారు. పన్నెండింటికో ఎప్పుడో చంపి, ఇంకా బతికే ఉన్నాడనిపించడానికి జెనరేటర్‌ని సాయంత్రం దాకా నడిపించారు. ఎందుకు? మధ్యాహ్నం తను మరో చోట ఉన్నానని చెప్పుకోవడానికే కదా. ఇంతవరకు నా బుర్ర బాగానే పనిచేసింది. ఇంకో మెట్టు ఎక్కి ఉంటే ఎంత బాగుండేది!

టెంట్ లోపల చిన్న బల్ల. బల్ల కింద అంచుకి ఒక టేపు ముక్క అంటించి ఉంది. చెత్తలా ఉంది. కెవ్ దాన్ని చూసి, "ఇది పారేయలేదేం?" అని కూర్చుండిపోయాడు.

"ఏమిటది?"

"కోసేసిన గాజు ముక్కలు. కంటికి ఆనవు గానీ వేలులో దిగితే తియ్యడం మన తరం కాదు. అందుకే కోసిన ప్రతి ముక్కనీ టేపుకి అంటిస్తాం. పనయ్యాక లెక్కపెట్టి పారేస్తాం. ఆరు అతుకులంటే పన్నెండు ముక్కలు, రెండు వైపులా ఒక్కోటి." జేబులోంచి భూతద్దం తీశాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"పదహారు."

"ఏదైనా చెడిపోయి మళ్ళీ అతికి ఉంటాడు," అన్నాడు ఖలీద్.

"ఇవి మా కేబుల్‌వి కావు." కెవ్ భూతద్దం నా చేతికిచ్చాడు. ముక్కల కొసల్లో రంగు తొడుగులు మిగిలి ఉన్నాయి. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, అలా. చివర మూడు మాత్రం పసుపుపచ్చ. "ఈ పసుపువి ఎక్కడివో నాకు తెలీదు. ఈ తెల్లది నేల కేబుల్లో ఊరికే ఉంచాల్సిన పోగుది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

"అర్థం కాలేదు కెవ్."

"ఎవరో ఒక పోగుని చీల్చారు. ఆ పోగులో వచ్చే వెలుగులో కొంత, ఊరికే ఉన్న పోగులోకి మళ్ళించారు. ఆ రెండో కొస దగ్గర కూచున్నవాడికి ఆ లైన్లో పోయే ప్రతి మాటా వినబడుతుంది."

 ఎక్స్ఛేంజిలో దొంగచాటుగా మాటలు విన్నవాళ్ళని చూశాను. ఒక ఫోన్ కాల్, ఇద్దరు మనుషులు, అంతే. ఇది సముద్రం దాటే వేల మాటలు ఒక్క చెవిలోకి. అదీ దయానందం చేతుల మీదుగా! దేవుడి మనిషి అని చర్చి అంతా చెప్పుకునే దయానందం!

 ఖలీద్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"విప్పుండ్రి," అన్నాడు. "నా నౌకరీ పోతే పోనియ్."

ఎనిమిది బోల్టులు. ఒక్కోటీ తిప్పుతుంటే కెవ్ మెడ మీద నరాలు ఉబ్బాయి. ఇరవై నిమిషాలు పట్టింది. మూత లేవగానే లోపల చుట్టలు చుట్టిన పోగులు, వాటి మధ్య అగ్గిపుల్లంత గొట్టం, దాని నుంచి మూడు పసుపుపచ్చ తోకలు.

"ఐదో పోగు," అన్నాడు కెవ్.  "వెలుగుని చీల్చే గొట్టం ఇదే. ఇది పెడితే వెలుగు తగ్గుతుంది. స్టేషన్లో మెషీన్ మీద మెట్టులా కనిపిస్తుంది. చూసేవాళ్ళు గుడ్డివాళ్ళైతే తప్ప కనిపించి తీరాలి. మరి బాగుందని ఎలా రాశారు?"

నేను ఆ మాట విన్నాను. విన్నాను గానీ నా కళ్ళు మూత లోపలి అంచు మీద ఉన్నాయి. అక్కడ నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం. తీసి విప్పాను. తెలుగు. చిన్న చిన్న అక్షరాలు.

"ఏం రాసిండు? నాకు మాట్లాడొస్తది గని చదవ రాదు. జల్ది చెప్పుండ్రి," అన్నాడు ఖలీద్.

పైకి చదవడం మొదలుపెట్టాను.

"12-3-91. అనీషా 151 సెం.మీ. ఈ ఐదో పోగులోది నేను ఇష్టపడి వేసిన అతుకు కాదు. క్లారా వేయించింది. వెయ్యకపోతే..."

 మిగిలింది కళ్ళతోనే చదివాను. వెయ్యకపోతే అనీషా స్కూలు నుంచి ఇంటికి రాదంది. రోజూ తెచ్చేది తనే కదా. నా బిడ్డ కోసం వేశాను. దేవుడు నన్ను క్షమించుగాక. రేపు రూత్‌కి చెప్తాను, పోలీసుల దగ్గరికి వెళ్తాను. దయ.

రేపు అన్నాడు. చావాలనుకునేవాడు రేపు అని రాస్తాడా?

"క్లారా?" అన్నాడు ఖలీద్. "యా అల్లా. మంగళవారం స్టేషన్ల రీడింగులన్నీ రాసింది ఆ పిల్లనే కద. ఒంటిగంటా ఇరవై నుంచి మీటింగుల మా ముంగటనే కూసున్నది!"

నాకు అదేం వినబడలేదు. పొద్దున్న రూత్ చీటీ సంగతి చెప్పింది. అతుకు విప్పిస్తానని నేను కేకేసి మరీ చెప్పాను. పక్కన కాఫీ కప్పు పట్టుకుని నిలబడింది క్లారా. ఆ వెంటనే కారు తాళాలు తీసుకుంది. నేను, నా నోరు! చెంపలు వాయించుకోవాలనిపించింది.

"టైమెంత?"

"మూడూ నలభై."

ఖలీద్ కారులో ఫోనుంది. ఇసకలో చెప్పులు జారిపోతుంటే వదిలేసి పరిగెత్తాను. నంబరు కోసం రూత్‌కి చేసే ధైర్యం లేక స్కూలు పేరు చెప్పి ఆపరేటర్ చేత కలిపించుకున్నాను.

"అనీషానా? రెండున్నరకే వెళ్ళిపోయింది కదా," అంది అవతలి ఆవిడ తాపీగా. "వాళ్ళ అమ్మకి ఒంట్లో బాగాలేదని ఆంటీ వచ్చి తీసుకెళ్ళింది. రోజూ వచ్చే ఆవిడే."

ఫోను సీటు మీద పడేశాను.  ఖలీద్ అప్పటికే స్టీరింగు వెనక్కి దూరాడు.

"శేషూ!" టెంట్ లోంచి కెవ్ కేక. "స్పీకర్! మీ పేరు పిలుస్తున్నారు!"

వెనక్కి పరిగెత్తాను. బల్ల మీది చిన్న పెట్టెలో గరగర. స్టేషన్ నుంచి వచ్చే లైను అది ఒక్కటే.

"ఆంటీ, విప్పారా?" క్లారా గొంతు. పొద్దున్న కాఫీ ఇచ్చేటప్పుడు ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా ఉంది. "విప్పే ఉంటారు. ఆ కాగితం తీసుకుని మీరొక్కరే స్టేషన్‌కి రండి. పది నిమిషాల దారే కదా. ఖలీద్ గారు వద్దు, పోలీస్ వద్దు. కాగితం నాకిచ్చి పిల్లని తీసుకెళ్ళండి."

"దాన్ని ముట్టుకున్నావంటే..." అన్నాను. 

"నేనేం చేస్తానాంటీ? తను హ్యాపీగా ఉంది. మాట్లాడతారా?"

గరగర. తర్వాత ఊపిరి చప్పుడు, మైకుకి మరీ దగ్గరగా.

"ఆంటీ? ఐ యామ్ ఎట్ డాడ్స్ వర్క్." అనీషా. భయం లేదు ఆ గొంతులో. మూడు రోజుల్లో మొదటిసారి అందులో ఏదో ఆశ. "క్లారా ఆంటీ సేస్ డాడ్ నోట్ పెట్టాడంట. మీ దగ్గరుందంట. ఈజ్ ఇట్ ట్రూ?"

చేతిలో కాగితం. చెమటకి అక్షరాలు అలుక్కుంటున్నాయి. సాయంత్రం చెప్తానని మాటిచ్చాను. క్లారా పక్కనే వింటోందని తెలుసు. అయినా ఆ ఒక్కటీ చెప్పకుండా ఉండలేకపోయాను.

"అవునమ్మా. పెట్టాడు."

"వాట్ డజ్ ఇట్ సే?"

"అనీషా, నూట యాభై ఒకటి. అదే మొదట రాశాడు."



"హీ మెజర్డ్ మీ," అంది అనీషా. మొదటిసారి ఏడవడం మొదలుపెట్టింది. "దట్ మార్నింగ్. హీ మెజర్డ్ మీ."

ఆ ఏడుపు మధ్యలోనే లైను తెగిపోయింది.